ఊరి బయటికి పోయిన తిండి పండగ: బెంగళూరు అనపకాయల మేళా నుంచి మన తాతల ఉప్పు బాట దాకా

ఈసారి పోస్టు కొంచెం పొడుగే, తీరిగ్గా చదవండి. తిండి పండగల గురించి రాస్తున్నా, కానీ వంటల గురించి కాదు. నగరం నడుమ జరిగే తిండి పండగను జనం ఎక్కువయ్యారని ఊరి బయటికి మారిస్తే ఎవరికి లాభం, ఎవరికి దెబ్బ అనేది ఇక్కడి విషయం. కమలాపురంలో, పులివెందులలో, ప్రొద్దుటూరులో ఉండే మనకు దాంతో ఏం పని అనుకోవద్దు. ఈ కథలో మన ఎరుకల తాతలు, సుగాలీ తాతలు కూడా ఉన్నారు.

మనకు తెలిసిన రుచితోనే మొదలుపెడదాం. చలికాలంలో మన సీమలో అనపకాయలు వస్తాయి. గింజలు నానబెట్టి, పొట్టు పితికి తీసి వండితే పితికిన పప్పు. రాగి సంగటిలోకి దాన్ని మించిన కూర లేదని మన ఇళ్ళలో అందరూ ఒప్పుకుంటారు. (కోస్తా మిత్రులకు ఒక మాట: మీరు ఆనపకాయ అనే సొరకాయ కాదు ఇది, చిక్కుడు జాతి గింజ.) ఇదే గింజను కన్నడంలో అవరె అంటారు, పితికిన పప్పును హితుకిద బేళె అంటారు. మన 'పాలు' వాళ్ళకు 'హాలు' అయినట్టే, మన 'పితికిన' వాళ్ళకు 'హితుకిద' అయింది. రెండు వైపులా తిండి ఒకటే, పలకడమే వేరు.

ఈ అనపగింజకు బెంగళూరులో ఒక పెద్ద పండగ ఉంది. పేరు అవరెబేళె మేళా. విశ్వేశ్వరపురంలో, అంటే అక్కడివాళ్ళు వి.వి. పురం అనే చోట, సజ్జన్ రావు సర్కిల్ పక్కన ఒక చిన్న వీధి ఉంది. సాయంత్రమైతే ఆ వీధంతా దోసెలు, బజ్జీలు, హోళిగలే. అందుకే దాన్ని 'తిండి బీది' అంటారు. ఆ వీధిలోని వాసవి కాండిమెంట్స్ అనే అంగడి వాళ్ళు 2000లో ఈ మేళా మొదలుపెట్టారు. అంగడి పేరు చూస్తేనే తెలుస్తుంది, అది మన తెలుగు వైశ్యుల కులదేవత వాసవి పేరు. మాగడి వైపు రైతుల దగ్గర అనపకాయలు కొని, ప్రతి జనవరిలో కొన్ని రోజులు ఆ గింజతో చేసిన వంటలే అమ్మేవారు. దోసె, హోళిగ, సారు, మిక్చరుతో మొదలై జిలేబీ దాకా పోయింది. సంక్రాంతి రోజుల్లో బెంగళూరువాళ్ళు తప్పకుండా పోయే చోటుగా అది పేరు తెచ్చుకుంది.

పేరు పెరిగేకొద్దీ జనం పెరిగారు. వీధి మాత్రం పెరగలేదు. ఇరుకు వీధిలో వేలమంది నిలబడి తింటుంటే బండ్లు కదలవు, చెత్త పేరుకుంటుంది, పక్క ఇళ్ళవాళ్ళకు గుమ్మం దాటే దారి ఉండదు. వాళ్ళు మొరపెట్టుకున్నారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు, ఆ మాట మనం ఒప్పుకోవాలి. చివరికి 2023 జనవరిలో మేళాను వీధిలోంచి తీసి, బసవనగుడిలోని నేషనల్ కాలేజీ మైదానంలో పెట్టారు.

ఇక్కడ ఒకటి గమనించండి. మేళా చోటు మారింది గానీ దూరం పోలేదు. పాత వీధికి, కొత్త మైదానానికి మధ్య నడిచిపోయేంత దూరమే. మైదానం పక్కనే నేషనల్ కాలేజీ మెట్రో స్టేషను ఉంది, అది 2017 నుంచి నడుస్తోంది. సిటీ బస్సులూ దండిగా ఉన్నాయి. అందుకే తినేవాళ్ళూ వచ్చారు, అమ్మేవాళ్ళూ వచ్చారు. అదే మేళాను బెంగళూరు రింగు రోడ్డు అవతల ఏ లేఅవుట్‌లోనో పెట్టి ఉంటే? కారు ఉన్నవాళ్ళు ఎట్లాగూ పోతారు. బస్సు దిగి నడిచే ముసలామె, సాయంత్రం పని దిగి ఒక దోసె తిని పోదామనుకునే మేస్త్రీ కూలీ పోలేరు. మన సీమ తండాల నుంచి బెంగళూరుకు బిల్డింగు పనులకు పోయినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఈ గ్రూపులో చాలామందికి తెలుసు. వాళ్ళు రూపాయి ఖర్చు లేకుండా నగరంలో నిలబడి చూడగలిగేవి ఇట్లాంటి పండగలే.

మన హైదరాబాదులో కూడా ఇట్లాంటి మార్పు ఒకటి జరిగింది, ఇంకా చాలా ముందు. నుమాయిష్ పేరు వినే ఉంటారు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్ళు పబ్లిక్ గార్డెన్స్‌లో దాన్ని మొదలుపెట్టారు. మొదట్లో కొద్ది అంగళ్ళు, కొద్ది రోజులు. కొన్నేళ్ళకే చోటు చాలలేదు. 1946లో నాంపల్లిలో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ మైదానానికి మార్చారు. అదీ దూరం కాదు, నాంపల్లి రైల్వే స్టేషను దగ్గరే. జిల్లాల నుంచి రైలు దిగినవాడు నడిచి పోగలిగాడు. తర్వాత గాంధీభవన్ దగ్గర మెట్రో స్టేషను కూడా వచ్చింది. ఏటా జనవరి 1 నుంచి నెలన్నర జరిగే ఆ నుమాయిష్‌లో బట్టలు, సామాన్లు ఎన్ని ఉన్నా, ఇంటికి పోయాక పిల్లలు చెప్పుకునేది మిర్చి బజ్జీ గురించి, పెద్దలు చెప్పుకునేది హలీమ్ గురించి. 2019 జనవరి 30 రాత్రి అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది, అంగళ్ళు కాలిపోయాయి. అప్పటినుంచి నగరం నడుమ ఇంత పెద్ద సంత అవసరమా అనే మాట వచ్చింది. అదీ న్యాయమైన భయమే. జాగ్రత్తలు పెంచి, అదే చోట నడుపుతున్నారు.

దగ్గర చోటికి మారిన పండగలు బతికాయి, సరే. దూరం పోయినప్పుడు ఏమవుతుంది? దానికి పండగ కాదుగానీ, తిండికి సంబంధించిన ఒక పెద్ద చోటు కథ చూడాలి. హైదరాబాదు పండ్ల మార్కెట్టు.

నిజాం కాలంలో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టు దగ్గర ఒకప్పుడు పండ్ల వ్యాపారం జరిగేది. నగరం నడిబొడ్డు అది. లారీలు పట్టక 1986లో దాన్ని గడ్డిఅన్నారానికి, అంటే ఎల్.బి. నగర్ వైపుకు మార్చారు. అప్పట్లో అది ఊరి చివర. ఎండాకాలం వస్తే మామిడి, మిగతా రోజుల్లో బత్తాయి, ద్రాక్ష, దానిమ్మ. మన సీమ బత్తాయి లారీలు కూడా అక్కడికే పోయేవి. ముప్పై అయిదేళ్ళు గడిచేసరికి గడ్డిఅన్నారం ఊరి చివర కాకుండా పోయింది. చుట్టూ ఇళ్ళు, మెట్రో, మాల్స్. సుమారు 22 ఎకరాల ఆ జాగాలో పెద్ద ఆసుపత్రి కట్టాలని ప్రభుత్వం నిర్ణయించి, 2021 సెప్టెంబరులో మార్కెట్టు మూసేసింది. ఔటర్ రింగ్ రోడ్డు దాటి, విజయవాడ హైవే మీదున్న బాటసింగారంలో తాత్కాలికంగా పెట్టుకోమంది. శాశ్వత మార్కెట్టుకు కొహెడలో 178 ఎకరాలు చూపించింది. వ్యాపారులు హైకోర్టుకు పోయారు. బాటసింగారంలో సౌకర్యాలు లేవు, దూరం ఎక్కువ అని వాదించారు. 2022 మార్చిలో పాత షెడ్లు కూల్చేశారు.

ఆసుపత్రి వద్దని ఎవరూ అనరు. పేదవాడికే అది ఎక్కువ అవసరం. ఈ కథలో మనం పట్టుకోవాల్సినవి రెండు. మొదటిది, కోర్టు దాకా పోగలిగింది కమీషన్ ఏజెంట్లు. వాళ్ళకు సంఘం ఉంది, వకీలు ఉన్నాడు. మార్కెట్టులో పెట్టెలు మోసే హమాలీ, కింద రాలిన పండ్లు ఏరి తట్టలో పెట్టుకుని బస్టాపు దగ్గర అమ్ముకునే ఆడమనిషి, తోపుడు బండివాడు, వీళ్ళకు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి చేరడమే ఒక రోజు కూలీ ఖర్చు. వాళ్ళ పేరు ఏ పిటిషన్లోనూ మొదటి వరసలో ఉండదు.

రెండోది ఇంకా ముఖ్యం. 1986లో 'ఊరి చివర' అన్న చోటు 2021కి 'ఊరి నడుమ' అయింది. ఊరి చివర అనేది నేల మీద గీసిన గీత కాదు, నగరం పెరిగేకొద్దీ అదీ జరుగుతుంది. ఇవాళ బయటికి పంపినవాణ్ణి రేపు మళ్ళీ బయటికి పంపుతారు. ఈ మాట మనవాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఊరి చివర గుడిసెలు వేసుకుని, ఆ పక్కన ప్లాట్లు పడ్డాక, "మీరింకొంచెం అవతలికి పోండి" అనిపించుకున్న కుటుంబాలు మన కాలనీల్లో ఎన్ని లేవు?

ఇప్పుడు మన చరిత్రకు వద్దాం.

రైళ్ళు లేని కాలంలో ఊళ్ళకు, పట్నాలకు తిండి ఎట్లా చేరేది? ఎద్దుల మీద, గాడిదల మీద. ఎద్దుల మంద మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు లంబాడీలు, మనం సుగాలీలంటాం. మొఘలుల సైన్యాలకు, నిజాం సైన్యాలకు, తర్వాత కుంపిణీ సైన్యాలకు కూడా వాళ్ళే తిండి మోశారు. 1791-92లో కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు అతని దండు ఆకలి తీర్చింది బంజారాల ఎద్దులే. 1800లో నిజాం మన కడప, బళ్ళారి ప్రాంతాన్ని కుంపిణీకి దత్తం చేశాడు, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. ఆ రోజుల్లో కూడా ఈ నేల మీద సరుకు నడిచింది ఎద్దు గిట్టల మీదే.

ఎరుకలవాళ్ళ సంగతి చూడండి. మన తెగల పేర్లే సాక్ష్యం. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. సముద్రం దగ్గర ఉప్పు కొని లోపలి ఊళ్ళకు మోసి, ధాన్యానికి మార్చుకున్నవాళ్ళు ఉప్పు ఎరుకలవాళ్ళు. కరివేపాకు అమ్మినవాళ్ళు కరివేపాకు ఎరుకలవాళ్ళు. వెదురు దబ్బలతో బుట్టలు అల్లినవాళ్ళు దబ్బ ఎరుకలవాళ్ళు. అంటే ఊరి వంటింట్లోకి ఉప్పు, కరివేపాకు తెచ్చినవాళ్ళు మనమే, ధాన్యం పోసుకునే గంపలు అల్లినవాళ్ళూ మనమే. ఏ సంత జరిగినా, ఏ జాతర జరిగినా మనవాళ్ళు లేకుండా నడిచేది కాదు.

తర్వాత రైలు వచ్చింది. మద్రాసు నుంచి కడప మీదుగా వేసిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. మన కమలాపురం స్టేషను, ఎర్రగుంట్ల స్టేషను ఆ లైను మీదివే. పాపాఘ్ని దాటి రైలు కూత వినిపించిన నాటినుంచి ఉప్పు బస్తా రైలెక్కింది. ఎద్దు మీద వారాల తరబడి నడిచే సరుకు ఒకటి రెండు రోజుల్లో చేరింది. ఊళ్ళకు అది మేలే. కానీ బాట మీద బతికినవాళ్ళకు బాటే లేకుండా పోయింది. ఎవరూ వాళ్ళను పిలిచి, "మీ పని పోతోంది, బదులు ఏం చేద్దాం?" అని అడగలేదు.

అడగకపోవడమే కాదు, తిరుగుతూ బతికేవాణ్ణి అనుమానించారు. సరిగ్గా అదే 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఎరుకలవాళ్ళ పేర్లు రిజిస్టర్లకెక్కాయి. ఊరు దాటాలంటే పాసు, రోజూ హాజరు. ఆ తర్వాత కొద్ది రోజులకే సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి ఇప్పటి బాపట్ల దగ్గర సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద అదే స్టూవర్టుపురం అయింది. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో పోయింది. పేరు మీద పడిన మచ్చ మాత్రం ఇంకా పూర్తిగా పోలేదని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒక మేళాను మైదానానికి మార్చడమూ, ఒక జాతిని కంచెలో పెట్టడమూ ఒకటే అని నేను అనడం లేదు. ఒకటి చిన్న ఇబ్బంది, ఇంకొకటి తరాల గాయం. కానీ రెండింటిలోనూ ఒక అలవాటు ఉంది. ఊరికి తిండి తెచ్చేవాడి కష్టం ఊరికి కావాలి, వాడు మాత్రం కంటికి దూరంగా ఉండాలి. ఆ అలవాటు మన తాతల రోజుల్లో చట్టంగా ఉండేది. ఇప్పుడు ట్రాఫిక్ ప్లాన్ రూపంలో, బ్యూటిఫికేషన్ రూపంలో వస్తుంది. మాటలు మెత్తబడ్డాయి కాబట్టి మనం ఇంకొంచెం జాగ్రత్తగా వినాలి.

అయితే మార్చడం ఎప్పుడూ చెడ్డదేనా? కాదు. సింగపూరు చూడండి. అక్కడ వీధుల్లో తిండి అమ్మేవాళ్ళను 1968 నుంచి లెక్క రాసి, లైసెన్సులు ఇచ్చారు. 1971 నుంచి 1986 దాకా నీళ్ళు, కాలువలు, కప్పు ఉన్న హాకర్ సెంటర్లు కట్టి వాళ్ళను అందులోకి మార్చారు. కొత్తగా కట్టిన కాలనీల్లో కూడా కట్టారు. జనం ఉండే ఇళ్ళ కిందనే, మార్కెట్ల పక్కనే, బస్సు ఆగే చోటే కట్టారు. అక్కడ కూడా ఇబ్బంది పడినవాళ్ళు లేకపోలేదు. కానీ తిండి, తినేవాడు, అమ్మేవాడు ఒకరికొకరు దూరం కాలేదు. 2020లో ఆ హాకర్ సంస్కృతిని యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. దూరాన్ని బట్టి కాదు, దారిని బట్టి, చోటును బట్టి మంచి చెడ్డలు తేలతాయని దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో కూడా చట్టం ఉంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం. ఈ చట్టం గురించి డిగ్రీ చదివే మన పిల్లలకు కూడా సరిగ్గా తెలియదు, కాబట్టి ముఖ్యమైనవి రాస్తున్నా. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు తగిన చోటు ఇవ్వాలి. ముందు సర్వే చేయాలి, సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు మున్సిపాలిటీల్లో తట్ట పెట్టుకుని కూర్చునే మన అమ్మలకు, అత్తలకు ఇది వర్తిస్తుంది. కమిటీలో మన మనిషి ఉన్నాడా లేడా అని మున్సిపల్ ఆఫీసులో అడగడం మన హక్కు. సమాచార హక్కు దరఖాస్తు రాయడం ఈ గ్రూపులో చాలామందికి వచ్చు గదా.

ఇక పండగల సంగతి. ఎక్కడైనా తిండి పండగనో, ఎగ్జిబిషన్నో, సంతనో వేరే చోటికి మారుస్తామంటే మనం అడగాల్సినవి మూడు ప్రశ్నలు.

మొదటిది: చివరి బస్సు ఎన్ని గంటలకు? పండగ రాత్రి పదింటిదాకా ఉండి, బస్సు ఎనిమిదింటికి అయిపోతే ఆ పండగ బండ్లున్నవాళ్ళకే. అమ్ముకునే మనిషి ఖాళీ గంపతో ఆ రాత్రి ఎట్లా ఇంటికి చేరుతుందో ఎవరో ఒకరు ఆలోచించాలి.

రెండోది: కింద కూర్చునే చోటు ఉందా? మైదానంలో స్టాలు అంటే అద్దె, కరెంటు, డిపాజిట్. వీధిలో అమ్ముకునేవాళ్ళకు ఒక గోనెపట్టా పరుచుకునే జాగా చాలు. సీతాఫలాలు, చింతపండు, అనపకాయలు, చీపుర్లు తెచ్చేవాళ్ళకు స్టాలు అద్దె కట్టే స్తోమత ఉండదు. ప్లానులోనే అద్దె లేని వరస ఒకటి గీయమని ముందే అడగాలి. పండగ మొదలయ్యాక అడిగితే సెక్యూరిటీవాడే జవాబు చెప్తాడు.

మూడోది: మార్చాలని నిర్ణయం చేసిన గదిలో అమ్మేవాళ్ళ తరఫున ఎవరైనా కూర్చున్నారా? బెంగళూరులో మేళా నడిపేవాళ్ళకు పేరున్న అంగడి ఉంది. హైదరాబాదులో ఏజెంట్లకు సంఘం ఉంది. మనవాళ్ళకు ఉన్నది మీరే, చదువుకున్న పిల్లలు.

అనపకాయల మేళా కథలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. పేదింటి సంగట్లోకి కూరగా ఉన్న గింజ పేరు మీద నగరం వరసలో నిలబడింది. మన దగ్గర కూడా అట్లాంటివి ఉన్నాయి. తండాల్లో వండే జొన్న రొట్టె, మన అడవి అంచుల్లో దొరికే పండ్లు, ఎరుకల అవ్వలు ఎరిగిన ఆకుకూరలు. రేపు ప్రొద్దుటూరులోనో, కడపలోనో ఇవన్నీ పెట్టి తిండి పండగ చేస్తామని ఎవరైనా వస్తే సంతోషమే. కానీ వంట మనది, చేసేవాళ్ళు వేరే, మనవాళ్ళు గేటు బయట అన్నట్టు కాకూడదు.

ఒక పని చెప్తా. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అవ్వ తాతలను కూర్చోబెట్టి అడగండి. మీ ఊరి సంత మొదట ఎక్కడ జరిగేది, ఏ వారం జరిగేది, ఎన్నిసార్లు చోటు మారింది, మార్చినప్పుడు ఎవరైనా వాళ్ళను అడిగారా, తట్ట నెత్తిన పెట్టుకుని ఎంత దూరం నడిచేవాళ్ళు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి, తేదీ వేసి దాచండి. ఉప్పు బాటల గురించి మన తాతలు రాసి పెట్టలేదు, వాళ్ళకు ఎవరూ చదువు చెప్పలేదు. అందుకే వాళ్ళ గురించి పోలీసు రిజిస్టర్లలో ఉన్నదే చరిత్ర అయి కూర్చుంది. మీకు చదువు వచ్చింది. మన సంతల చరిత్ర మన చేతి రాతలోనే ఉండనీయండి.